కాయకమునకు గౌరవము నిచ్చిన బసవేశ్వరుడు

మన బీదరు జిల్లాలోని బసవకల్యాణ పట్టణమునకు పూర్వము కల్యాణమని పేరు. చాళుక్య చక్రవర్తులకును, పిమ్మట కలచురి బిజ్జలునకును అది రాజధాని. అయినను నేడు ఆ ఊరు రాజుల పేర గాక, వారి కొలువులోని ఒక భండారి పేర ప్రసిద్ధి కెక్కినది. ఆయనయే బసవేశ్వరుడు.

బసవేశ్వరుడు 12వ శతాబ్దమున, నేటి విజయపుర జిల్లాలోని బాగేవాడిలో బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. తండ్రి మాదిరాజు, తల్లి మాదాంబ. బాల్యముననే ఉపనయనమును నిరాకరించి, కృష్ణా మలప్రభా నదులు కలియు కూడలసంగమమునకు పోయి విద్య నభ్యసించెను. తరువాత బిజ్జలుని కొలువున చేరి, లెక్కలయందు నేర్పు చూపి, భండారమునకు అధిపతి యయ్యెను. రాజధనమును భక్తులకు పంచిపెట్టుచున్నాడని గిట్టనివారు కొండెములు చెప్పిరనియు, లెక్క చూడగా ఒక్క కాసైనను తగ్గలేదనియు పురాణకథ.

ఆ కాలమున పనినిబట్టి మనుష్యుని అంతస్తు నిర్ణయింపబడుచుండెను. చెప్పులు కుట్టువాడు, బట్టలు ఉతుకువాడు లేనిదే ఊరికి దినము గడవదు. అయినను వారికి ఊరిలో గౌరవము లేదు. బసవేశ్వరుడు దీనిని తలక్రిందులు చేసెను. ప్రతి మానవుడును తన శరీరశ్రమచేతనే జీవింపవలెను. ఆ శ్రమయే కాయకము. తన అవసరము తీరగా మిగిలినది ఇతరులకు పెట్టవలెను; అదియే దాసోహము. కాయకములలో ఎక్కువ తక్కువలు లేవు. ఇదియే ఆయన బోధించిన ధర్మము.

ఈ ధర్మము నమ్మి కల్యాణమున చేరినవారి పేర్లలోనే వారి పనులు నిలిచియున్నవి. నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్లు పేనెడివాడు. మేదర కేతయ్య వెదురు చీల్చి బుట్టలల్లెడివాడు. మోళిగె మారయ్య కట్టెలమోపులు అమ్మెడివాడు. అంబిగర చౌడయ్య పడవ నడిపెడివాడు. మడివాలు మాచయ్య బట్టలుతికెడివాడు. వీరందరును మంత్రియైన బసవేశ్వరునితో సమానముగా అనుభవమంటపమున కూర్చుండి ధర్మచర్చ చేసిరి. వీరిలో అనేకులు కన్నడమున వచనములు వ్రాసిరి.

ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చి జీవించెడివాడు. ఒకనాడు ఆయన మామూలుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెనట. భార్య లక్కమ్మ దానిని చూచి, ఆనాటికి కావలసినంత మాత్రమే ఉంచుకొని, మిగిలినది తిరిగి అచ్చటనే పోసిరమ్మని పంపెనట. చేతిలో పని ఉన్నంతనే చాలదు, ఎంత చాలునో తెలిసియుండవలె నని ఆ ఇల్లాలు నేర్పినది.

ఈ సమానత్వమునకు కల్యాణము పెద్ద మూల్యము చెల్లించెను. చర్మకారుడైన హరళయ్య కుమారునకు, బ్రాహ్మణుడైన మధువరసు కుమార్తె నిచ్చి వివాహము చేసిరి. పట్టణమున అలజడి చెలరేగెను. బిజ్జలుడు ఇరువురు తండ్రులకును ఘోరమైన మరణదండన విధించెను. 1167 ప్రాంతమున బిజ్జలుడును హతుడయ్యెను. భక్తులు చెల్లాచెదరైరి. బసవేశ్వరుడు కూడలసంగమమునకు మరలి, అచ్చటనే లింగైక్యము నొందెను.

ఆయన చరిత్రను పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలలో బసవపురాణముగా రచించెను. దానిని భీమకవి 1369లో కన్నడము చేసెను. కన్నడ దేశపు మహాపురుషుని కథ తెలుగున పురాణమై తిరిగి కన్నడమునకు చేరినది. రెండు భాషల నడుమ పెరుగుచున్న మన బాలబాలికలు ఈ సంగతిని మరువరాదు.

నేడు త్రాడు, బుట్ట, చీపురు, సంచి అన్నియు అంగడి నుండియే వచ్చుచున్నవి. తెగిన ప్లాస్టిక్ త్రాడు చెరువుగట్టున ఏండ్ల తరబడి పడియుండును; నారత్రాడు మట్టిలో కలిసిపోవును. నులక పేనుట, బుట్ట అల్లుట, చిరిగిన బట్ట కుట్టుకొనుట, మరుసటి పంటకు విత్తనము దాచుట తెలిసిన ఇల్లు ప్రతిదానికిని పరులచేయి చూడదు. అయితే ఈ విద్యలను ఏ కులమువారి పిల్లలు ఆ కులపు పనియే నేర్వవలె నన్నచో, అది బసవేశ్వరుడు ఎదిరించిన పాతవ్యవస్థయే యగును. మేదరి బిడ్డ లెక్కలు నేర్వవలెను. కరణము బిడ్డ బుట్ట అల్లుట నేర్వవలెను. తల్లిదండ్రులారా, మీకు వచ్చిన చేతిపనిని చెప్పుటకు సిగ్గుపడకుడు. దానిని మీ పిల్లలకును, పొరుగింటి పిల్లలకును నేర్పుడు.