రాబర్ట్ కోచ్

రాబర్ట్ కోచ్ (డిసెంబర్ 11, 1843 - మే 27, 1910) జర్మనీకి చెందిన వైద్యుడు, సూక్ష్మజీవ శాస్త్రవేత్త. క్షయ వ్యాధి క్రిమిని కనుగొన్నవాడిగా, కలరా క్రిమిని నిరూపించినవాడిగా సుప్రసిద్ధుడు. నీటిలోని బాక్టీరియాను లెక్కించే పద్ధతికి ఆద్యులలో ముఖ్యుడు. నేడు ఔషధ కర్మాగారాలలో నీటికి జరిపే సూక్ష్మజీవ పరీక్షకు మూలం ఆ పద్ధతే.

బాల్యం, విద్య

కోచ్ హానోవర్ రాజ్యంలోని క్లౌస్తాల్ అనే గనుల పట్టణంలో జన్మించాడు. గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో 1866లో వైద్య పట్టా పొందాడు. 1872లో వోల్‌స్టైన్ (ప్రస్తుతం పోలండ్‌లో ఉంది) జిల్లా వైద్యాధికారిగా చేరి, ఇంటిలోనే చిన్న ప్రయోగశాల ఏర్పరచుకున్నాడు. పశువులకు వచ్చే ఆంథ్రాక్స్ (దొమ్మ రోగం) కారక బాక్టీరియా జీవితచక్రాన్ని 1876లో వెల్లడించాడు.

ఘన యానకం

1880లో కోచ్ బెర్లిన్‌లోని ప్రభుత్వ ఆరోగ్య కార్యాలయానికి వచ్చాడు. అప్పట్లో బాక్టీరియాను ఎక్కువగా ద్రవాలలో పెంచేవారు. వాటిలో పలు జాతులు కలిసిపోయేవి. ఉడికించిన బంగాళాదుంప ముక్కపై ఒక్కొక్క క్రిమి నుండి విడివిడిగా మచ్చలు ఏర్పడటం కోచ్ గమనించాడు. దీని ఆధారంగా పోషక ద్రవానికి జెలటిన్ కలిపి, గాజు పలకలపై గట్టిపరచే పద్ధతిని రూపొందించి 1881లో లండన్‌లో ప్రదర్శించాడు.

జెలటిన్ వేడికి కరిగిపోతుంది. వంటలో వాడే అగార్‌ను దానికి బదులుగా సూచించినది కోచ్ వద్ద పనిచేసిన వాల్తేర్ హెస్సే భార్య ఫానీ హెస్సే. 1887లో కోచ్ సహాయకుడు పెట్రి మూత గల గాజు పాత్రను ప్రవేశపెట్టాడు.

నీటి పరీక్షకు ఈ పద్ధతి చక్కగా ఉపకరించింది. కొలిచిన నీటిని యానకంలో కలిపి ఉంచితే, అందులో పెరగగల ప్రతి క్రిమి ఒక కాలనీగా (సహనివేశంగా) కనిపిస్తుంది. కాలనీలను లెక్కిస్తే నీటి కాలుష్యం ఒక సంఖ్యగా తెలుస్తుంది.

క్షయ, కలరా

1882 మార్చి 24న క్షయ క్రిమి ఆవిష్కరణను బెర్లిన్‌లో ప్రకటించాడు. 1883లో కలరా పరిశోధనకై ఈజిప్టుకు, అక్కడినుండి కలకత్తాకు వచ్చాడు. రోగుల ప్రేగులలో కనిపించిన వంకర క్రిమినే 1884లో అక్కడి చెరువు నీటిలోనూ కనుగొన్నాడు. ఇటలీకి చెందిన పాచిని 1854లోనే ఈ క్రిమిని వర్ణించినా, నాడు దానికి తగిన గుర్తింపు రాలేదు.

హాంబర్గ్ విపత్తు

1892లో హాంబర్గ్ నగరంలో కలరా వ్యాపించి 8,600 మందికి పైగా మరణించారు. ప్రక్కనే ఉన్న ఆల్టోనా పట్టణం చాలావరకు తప్పించుకుంది. రెండింటికీ ఎల్బ్ నది నీరే ఆధారం. పైగా ఆల్టోనా నీటిని తీసుకునేది హాంబర్గ్ మురుగు కలిసిన తరువాతనే. అయితే ఆల్టోనా నీటిని ఇసుకతో వడపోసేది, హాంబర్గ్ వడపోసేది కాదు.

1893 ఆరంభంలో ఆల్టోనాలోనూ కొద్దిగా కలరా కనిపించింది. చలికి ఇసుక వడపోత గడ్డకట్టి దెబ్బతిన్నదని, వడపోసిన నీటిలో బాక్టీరియా సంఖ్య పెరిగిందని తేలింది. వడపోసిన నీటిలో ఘన సెంటీమీటరుకు 100కు మించి క్రిములు ఉండరాదని, ప్రతి వడపోతను విడిగా పరీక్షించాలని కోచ్ సూచించాడు.

వైఫల్యాలు, చివరి దశ

1890లో క్షయకు మందుగా కోచ్ ప్రకటించిన ట్యుబర్‌క్యులిన్ విఫలమైంది. కొందరు రోగులు మరణించారు. తరువాత అది వ్యాధి నిర్ధారణకు మాత్రమే ఉపయోగపడింది. తూర్పు ఆఫ్రికాలో అతినిద్ర వ్యాధికి ఆయన ఇచ్చిన అటాక్సిల్ మందువలన కొందరు చూపు కోల్పోయారు. 1905లో క్షయ పరిశోధనలకు నోబెల్ బహుమతి అందుకున్నాడు. 1910లో బాడెన్-బాడెన్‌లో మరణించాడు.

ఔషధ జల పరీక్షలలో

అమెరికా ఔషధ ప్రమాణ గ్రంథం ప్రకారం మందుల తయారీకి వాడే శుద్ధజలంలో మిల్లీలీటరుకు 100 కాలనీలు మించితే చర్య తీసుకోవాలి. ఇంజక్షన్ల నీటికి ఈ పరిమితి 100 మిల్లీలీటర్లకు 10 మాత్రమే. ఇంత తక్కువ సంఖ్యను పట్టుకొనుటకు నీటిని సన్నని పొర గుండా వడపోసి, ఆ పొరను అగార్‌పై ఉంచుతారు.

కాలనీలు ఏర్పడుటకు కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా ఆ నీరు వాడుకలోకి వెళ్ళవచ్చు. కనుక ఒక్క ఫలితంపై ఆధారపడక, సంఖ్య క్రమంగా పెరుగుతున్నదా అని నిరంతరం గమనిస్తారు. చనిపోయిన బాక్టీరియా విడిచే విషపదార్థం ఈ లెక్కకు అందదు. దానిని 1892లో వివరించినవాడు కోచ్ సహచరుడు రిచర్డ్ ఫైఫర్. ఎండోటాక్సిన్ అనే ఆ పదార్థానికి ఇంజక్షన్ల నీటిలో ప్రత్యేక పరీక్ష జరుపుతారు.