కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు

మొన్న జాబ్రియాలో ఒక మిత్రుని ఇంట నలుగురం కలిసినప్పుడు, పెద్దలు కోడి రామ్మూర్తి నాయుడుగారి కథ ఎత్తుకున్నారు. ఆయన రెండు కార్లను కదలకుండా ఆపారనగానే, ఇక్కడే పుట్టి పెరిగిన ఒక కుర్రవాడు నవ్వేశాడు. ఇంజను ముందు మనిషెంత అని వాడి సందేహం. దైవబలమన్నారు పెద్దలు. కట్టుకథ అన్నాడు వాడు. ఆ పూట సరైన జవాబు చెప్పలేకపోయాం. ఆ లోటు తీర్చుకుందామనే ఈ నాలుగు మాటలు.

రామ్మూర్తిగారు 1882లో, నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టంలో జన్మించారు. విజయనగరంలో పినతండ్రి నారాయణస్వామిగారి వద్ద పెరిగి, కుస్తీలో ఆరితేరారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొందివచ్చి, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేశారు. తర్వాత సర్కస్ కంపెనీ స్థాపించి ఊరూరా తిరిగారు. శాకాహారి. ప్రాణాయామం నిత్యం సాధన చేసేవారు. ఉక్కు గొలుసులు తెంచేవారు, రొమ్ముపై ఏనుగును నిలుపుకొనేవారు. ఐదవ జార్జి చక్రవర్తి ఆయనకు ఇండియన్ హెర్క్యులిస్ బిరుదు ఇచ్చారని ప్రసిద్ధి.

ఇక కార్ల సంగతి. భుజాలకు గొలుసులు కట్టించుకుని, రెండు కార్లను ఎదురెదురు దిక్కులకు నడిపించేవారు. ఇక్కడ మన పిల్లలు బడిలో చదివే సూత్రమే జవాబు చెబుతుంది. బలం వేరు, సామర్థ్యం వేరు. బలాన్ని వేగంతో గుణిస్తే వచ్చేది సామర్థ్యం. వెయ్యి న్యూటన్ల బలమంటే సుమారు నూరు కిలోల బరువును ఎత్తి పట్టినంత. అదే బలంతో కారు సెకనుకు 10 మీటర్ల వేగాన పోతే 10,000 వాట్లు, అంటే 13 హార్స్‌పవర్‌కు పైమాటే. రోజంతా కష్టపడే మనిషి ఇవ్వగలిగేది సుమారు 75 వాట్లు. ఆ పందెంలో ఏ భీముడూ నెగ్గడు. కాని కారు కదలకపోతే వేగం సున్న, సామర్థ్యమూ సున్నే. అప్పుడు పోటీ బలానికీ బలానికీ మాత్రమే. పైగా కారు లాగగలిగేది చక్రాలకు నేలపై ఉన్న పట్టు మేరకే. రెండు వైపుల లాగుడూ సమానమైతే కాళ్ళు జారవు. అయితే ఆ లాగుడంతా భుజాలు, రొమ్ము ఓర్చుకోవాలి. కార్లు కదలకున్నా కండరాలు అలసిపోతూనే ఉంటాయి. ఆ ఓర్పు మాయ కాదు, ఏళ్ళ సాధన. కారును ఒక్క అడుగు కదలనిస్తే ఇంజనుదే పైచేయి. కనుక మొదటి అడుగే పడనీయకపోవడంలో ఉంది ఆయన ఘనత.

సంపాదించినదంతా దానధర్మాలకు వెచ్చించారు. చివరి రోజుల్లో ఆయన కాలినే తీసివేయవలసి వచ్చింది. రెండు కార్ల నడుమ నిలిచిన మనిషికి అంతకన్నా పరీక్ష ఏముంటుంది? 1942 జనవరిలో ఒరిస్సాలోని బలంగీర్‌లో కన్నుమూశారు. శ్రీకాకుళంలో క్రీడామైదానానికి ఆయన పేరు పెట్టారు. విశాఖ సాగరతీరాన ఆయన విగ్రహం ఉంది.

ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు పిల్లలకు ఆ విగ్రహం చూపించండి. నవ్విన ఆ కుర్రవాడికి లెక్క వేసి చూపాం. వాడు కాసేపు ఆలోచించి, ఆయన గురించి ఇంకా చెప్పమన్నాడు. మాకు అంతకన్నా ఏం కావాలి!