మూడోసారి పాసైన సుబ్బారావు... గుండె లయకు ఇంధనం చూపారు!

నాయుడుపేట స్టేషన్‌లో చెన్నై రైలు ఎక్కుతున్నారా? ఫైల్లో సప్లిమెంటరీ మార్కుల మెమో ఉందా? అయితే యల్లాప్రగడ సుబ్బారావు గురించి తెలుసుకోండి.

1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్ఎంఎస్‌తోనే సరిపెట్టుకున్నారు. అమెరికా వెళ్లి, ఆస్పత్రిలో రాత్రిళ్లు చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు. 1929లో ఫిస్కేతో కలిసి కండరాల్లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు.

దీనికీ గుండెకీ సంబంధమేంటంటారా? గుండె కణాలు సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి పంపుతుంటేనే గుండెలో కరెంటు సరిగా పారుతుంది, లయ తప్పదు. ఆ పంపు నడిచేది ఏటీపీతోనే! ఏటీపీలో భాగమైన అడినోసిన్‌ను, గుండె ఉన్నట్టుండి విపరీత వేగంతో కొట్టుకునే ఒక రకం జబ్బుకి డాక్టర్లు ఇప్పుడు ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయన్ని పర్మినెంట్ చేయలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారి, అక్కడా కొత్త మందులపై పరిశోధన నడిపించారు. 1948లో 53 ఏళ్లకే గుండెపోటుతో కన్నుమూశారు.

ఇంటర్వ్యూలో ఎందుకు ఫెయిలయ్యావని అడిగితే తల దించుకోకండి. ఆ తర్వాత ఏం నేర్చుకున్నారో చెప్పండి.