డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు - పరదేశ విద్యార్థి జీవితము

కుమారుని పరదేశమునకు చదువునకై పంపునపుడు మనవారు ఓడ ఖర్చును, విమానపు ఖర్చును, కళాశాల రుసుమును లెక్కింతురు. వెచ్చని గది, కడుపునకు సరిపడు తిండి, కష్టమున పలుకరించు నొక మనుష్యుడు - ఈ మూడును లెక్కలోనికి రావు. అయినను చదువు నిలుచుటయు కూలుటయు పెక్కు పర్యాయములు వీనిపైననే ఆధారపడి యుండును. ఈ విషయమును డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమువలె స్పష్టపరచునది మరియొకటి లేదు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. ఇంట లేమి అధికము. పదుమూడవ యేట కాశికి పోయి, యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనమార్జింపవలెనని ఇల్లు విడిచిన బాలుని, తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించి మరల బడిలో వేసిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసున నెగ్గెను. వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రుడయ్యెను, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికి తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే ఆయనకు లభించెను. ఇంతలో ఇరువురు సోదరులు స్ప్రూ అను గ్రహణీవ్యాధిచే కొలది దినముల యెడమున మరణించిరి. తానును ఆ వ్యాధికి లోనై, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికి బయటపడెను. కారణము తెలియని ఇట్టి రోగముల మూలమును కనుగొనవలెనను పట్టుదల ఆయనను అమెరికాకు నడిపించినది.

పట్టుదల యొక్కటియే ఓడ నెక్కింపజాలదు. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ధనసహాయము చేసిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధియు తోడ్పడెను. 1923 అక్టోబరు 26వ తేదీన ఆయన బోస్టను నగరమున అడుగిడెను. ఆ యేటి ఫిబ్రవరిలోనే అమెరికా అత్యున్నత న్యాయస్థానము హిందూదేశీయులు ఆ దేశ పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పియుండెను. విద్యార్థిగా ప్రవేశము కలదు గాని, ఆదరము లేని కాలమది.

హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశ వ్యాధుల పాఠశాలలో ఆయన చేరెను. విద్యార్థివేతనము లేదు. మద్రాసు పట్టముతో అచ్చట వైద్యవృత్తి సాగదు. పాఠశాలాధిపతియగు డాక్టరు రిచర్డు స్ట్రాంగుగారి ఆదరము కొంత కలిగినను, దినదినము గడచుటకు అది చాలదు. కావున పీటరు బెంట్ బ్రిగాం ఆసుపత్రిలో రాత్రి పనివాడుగా కుదిరెను. రోగుల మలమూత్ర పాత్రలను కడుగుట ఆ యుద్యోగపు విధి. మన దేశమున అట్టి పని చేయువారిని ఊరి వెలుపల నుంచిన సంఘమునందు, అందును అగ్రవర్ణమున పుట్టిన వైద్యుడు ఆ పాత్రలను తన చేతులతో కడిగెను. పగలు పాఠములు, రాత్రి చాకిరి. విశ్రాంతి యనునది ఆ నడుమ చిక్కిన కొలది గంటలే. 1924లో ఆయన ఆ పాఠశాల పట్టమును పొందెను.

అటుపిమ్మట జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అను ఆచార్యుని యొద్ద చేరెను. రక్తమునందును మూత్రమునందును భాస్వరమును కొలుచు పద్ధతిని వా రిరువురు 1925లో ప్రకటించిరి. అది నేటికిని వారి పేరనే పరగుచున్నది. కండరములకు శక్తి నొసగు ఫాస్ఫోక్రియాటిను 1927లోను, ఏ.టి.పి. 1929లోను వారి పరిశోధన వలన వెలువడెను. 1930లో హార్వర్డు ఆయనకు పిహెచ్.డి. నొసగెను గాని స్థిరమైన పదవి నొసగలేదు.

ఈ కీర్తికి మూల్యము చెల్లించినవారు వేరొకరు కలరు. 1919లో పెండ్లియాడిన భార్య శేషగిరిగారు స్వదేశమున నుండిపోయిరి. భర్త వెడలిన పిదప పుట్టిన బిడ్డ శైశవముననే మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖమును చూడనేలేదు. ఉత్తరము సముద్రము దాటుటకు వారములు పట్టెడి ఆ దినములలో, ఆ దుఃఖమును ఇరువురును వేరువేరుగనే అనుభవించిరి. కొలది యేండ్లలో తిరిగి వత్తునని వెడలిన ఆయన మరల స్వదేశమును చూడలేదు.

1940లో లెడర్లీ సంస్థ పరిశోధనాలయమున చేరిన పిమ్మట ఆయన శ్రమ లోకమునకు ఔషధరూపమున అందెను. ఆయన బృందము 1945లో కృత్రిమముగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లము, సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికే మందయ్యెను. 1947లో వెలువడిన హెట్రజాను, నేడు డి.ఇ.సి. అను పేర బోదకాలు నివారణకై మన పల్లెలలో పంచబడు మాత్రయే. 1948 ఆగస్టులో, ఏబదిమూడవ యేట, ఆయన నిద్రలోనే పరమపదించెను.

నేడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములనుండి సైతము యువకులు విదేశములకు చదువునకై వెడలుచున్నారు. పెట్టెలో పచ్చళ్లు, పొడులు, కారప్పూస. చేతిలో తల్లిముఖము చూపు ఫోను. ఇవి సుబ్బారావుగారికి లేని భాగ్యములు. అయినను గది అద్దెకు, తిండికి రాత్రివేళ పని చేయువారు నేడును ఉన్నారు. ఆ సంగతి ఇంటికి వ్రాయుటకు వారికి సిగ్గు. వినుటకు మనకు నామోషి.

సుబ్బారావుగారి చరిత్రను చెప్పి, లేమియే గొప్పవారిని చేయునని బోధించుట మనవారికి అలవాటు. ఇది సరికాదు. లేమి ఆయన నిద్రను, సంసారమును హరించినది. ఆయనను నిలిపినది మామగారి రూకలు, కాకినాడ ధర్మనిధి, ఒక పరదేశ గురువు ఆదరము. పొలము కుదువబెట్టి కుమారుని పంపు తండ్రి రుసుముతోపాటు మొదటి యేటి తిండికిని, గదికిని, ఉన్ని దుస్తులకును సొమ్ము కేటాయింపవలెను. పంపజాలని బిడ్డలకు ఊరి సంపన్నులు చిన్న నిధి నేర్పరుపవలెను. కొడుకు పాత్రలు కడుగుచున్నాడని తెలిసిననాడు తలవంచుకొనక, బ్రిగాం ఆసుపత్రిలోని ఆ రాత్రి పనివానిని తలచుకొనవలెను.