అబల అన్న మాటకు మూలం వెతికిన రోకేయా

స్త్రీ పుట్టుకతోనే బలహీనురాలా, లేక సమాజమే ఆమెను బలహీనురాలిగా తీర్చిదిద్దిందా అన్న ప్రశ్న నేడు విశ్వవిద్యాలయాల్లో పాఠ్యాంశం. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లోనే ఆ ప్రశ్నను బెంగాలీలో సూటిగా లేవనెత్తిన రచయిత్రి రోకేయా సఖావత్ హుస్సేన్. బేగం రోకేయాగా ప్రసిద్ధురాలైన ఆమె ఏ కళాశాల మెట్లూ ఎక్కలేదు. ఆలోచనల్లో నిప్పులు చెరిగిన ఆమె, ఆచరణలో మాత్రం ఆచితూచి అడుగులు వేయవలసి వచ్చింది. ఆ రెండింటి మధ్య నలిగిన జీవితం ఆమెది.

రోకేయా 1880లో నేటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ సమీపంలో ఉన్న పైరాబంద్ గ్రామంలో జమీందారీ కుటుంబంలో జన్మించారు. తండ్రి జహీరుద్దీన్ అబూ అలీ సాబేర్ పలు భాషలు తెలిసిన పండితుడు. కుమారులను ఆయన కలకత్తాలో ఆంగ్ల విద్య చదివించారు. కుమార్తెలకు మాత్రం మతగ్రంథ పఠనానికి మించిన చదువు అవసరం లేదన్నది ఆ ఇంటి ఆచారం. బయటి స్త్రీల కంట పడకుండా కూడా ఐదేళ్ల బాలికను దాచిపెట్టేంత కఠినమైన ఘోషా అక్కడ అమలులో ఉండేది. అక్క కరీమున్నీసా ప్రోత్సాహంతో బెంగాలీ, అన్న ఇబ్రహీం సాబేర్ సాయంతో ఆంగ్లం ఆమెకు పట్టుబడ్డాయి. ఇల్లంతా నిద్రించాక దీపపు వెలుగులో ఆ పాఠాలు రహస్యంగా సాగేవి.

యుక్తవయసులోనే ఆమెకు భాగల్పూర్‌కు చెందిన డిప్యూటీ మేజిస్ట్రేట్ సయ్యద్ సఖావత్ హుస్సేన్‌తో వివాహమైంది. ఆయన వయసులో ఆమెకంటే చాలా పెద్దవారు. అప్పటికే భార్యను కోల్పోయినవారు. అయితే ఇంగ్లండ్‌లో చదివి వచ్చిన ఆయన భార్య విద్యాసక్తికి అడ్డు చెప్పలేదు సరికదా, రాయమని ప్రోత్సహించారు. వారికి కలిగిన ఇద్దరు ఆడపిల్లలూ పసితనంలోనే మరణించారు.

1904లో వెలువడిన ‘మతీచూర్’ వ్యాస సంపుటి ఆమె సిద్ధాంతానికి పునాది. వాడకుండా వదిలేసిన అవయవం ఎలా చచ్చుబడుతుందో, అవకాశమివ్వని మెదడూ అలాగే మొద్దుబారుతుందని ఆమె వాదించారు. స్త్రీ దౌర్బల్యాన్ని ప్రకృతి ధర్మంగా ఆమె అంగీకరించలేదు. తరతరాల అలవాటు దాని కారణమని తేల్చారు. స్త్రీలు మురిసిపోయే నగలను బానిసత్వపు చిహ్నాలుగా అభివర్ణించారు. ఖైదీ చేతి ఇనుప సంకెళ్లకూ, ఇల్లాలి చేతి బంగారు గాజులకూ లోహంలో తప్ప భేదం లేదన్నది ఆమె తర్కం. భర్తను స్వామి అని పిలవడంలోనే యజమాని, దాసి సంబంధం దాగి ఉందని ఎత్తిచూపారు. ఒక చక్రం పెద్దది, మరొకటి చిన్నది అయిన బండి ముందుకు సాగక ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుందని, స్త్రీని వెనకేసిన సమాజమూ అంతేనని హెచ్చరించారు.

ఈ వాదనకు ఆమె చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. ధర్మశాస్త్రాలను రాసినది పురుషులేనని, వాటి పేరిటే స్త్రీలను అణచివేశారని ఆమె రాసిన భాగాలు పత్రికలో అచ్చయినప్పుడు తీవ్ర దుమారం రేగింది. వ్యాసాన్ని సంపుటిలో చేర్చే సమయంలో ఆ పేరాలు తొలగిపోయాయి. స్త్రీత్వం సమాజపు కల్పనేనన్న వాదనను ప్రపంచవ్యాప్తం చేసిన సిమోన్ ద బువార్ గ్రంథం ఫ్రాన్స్‌లో వెలువడినది 1949లో. రోకేయా వ్యాసాలు అంతకు నాలుగున్నర దశాబ్దాల ముందటివి.

అదే ఆలోచనను ఆమె 1905లో కథగా మలిచారు. భర్త పర్యటనలో ఉన్నప్పుడు పొద్దుపోక ఆంగ్లంలో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ మద్రాసు నుంచి వెలువడే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో ప్రచురితమైంది. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్ తెలుగు కుటుంబంలో పుట్టినవారు. కథలోని స్త్రీల రాజ్యంలో పురుషులు మర్దానాలో పరదా మాటున వంటావార్పూ చూసుకుంటారు. స్త్రీలు విశ్వవిద్యాలయాలు నడుపుతూ మేఘాల నుంచి నీటిని సేకరిస్తారు, సూర్యరశ్మిని ఒడిసిపట్టి శత్రుసేనను తరిమికొడతారు. దేహబలమే అధికారానికి ఆధారమైతే మనిషిని సింహమే పాలించాలి కదా అన్న చురక అందులో ఉంది. స్త్రీ పురుషుల పాత్రలను తారుమారు చేసి చూపడంతో, అంతవరకు సహజమని తోచినదంతా కేవలం ఏర్పాటేనని పాఠకులకు బోధపడుతుంది.

1909లో సఖావత్ హుస్సేన్ మరణించారు. బాలికల విద్య కోసం ఆయన కేటాయించిన 10,000 రూపాయలతో రోకేయా అదే ఏడాది భాగల్పూర్‌లో ఐదుగురు విద్యార్థినులతో పాఠశాల ప్రారంభించారు. కుటుంబ వివాదాల కారణంగా ఆ ఊరు విడిచి కలకత్తా చేరి, 1911 మార్చి 16న ఎనిమిది మందితో సఖావత్ మెమోరియల్ బాలికల పాఠశాలను తిరిగి నెలకొల్పారు. పిల్లల కోసం ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులను బతిమాలారు.

సిద్ధాంతానికి అసలు పరీక్ష ఇక్కడే ఎదురైంది. ఘోషాను తూర్పారబట్టిన కలమే పాఠశాల బండికి పరదాలు కట్టించవలసి వచ్చింది. గాలి చొరబడని బండిలో పిల్లలు సొమ్మసిల్లారని కొందరు తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. కిటికీలకు తెరలు మార్చి కాస్త గాలి ఆడేలా చేస్తే, అవి ఎగిరి పిల్లలు బయటికి కనిపిస్తున్నారని మరికొందరు బెదిరింపు లేఖలు పంపారు. ఆమె స్వయంగా బురఖా ధరించే బయటికి వెళ్లేవారు. మూసిన గదిలో స్త్రీని బంధించే ఘోషా వేరు, బయట తిరిగేందుకు వీలిచ్చే వస్త్రం వేరని సమర్థించుకున్నారు. అది రాజీయే. కానీ ఆ రాజీ లేకుంటే బడి మూతపడేది, ఆ బాలికలు ఇంటి గడప దాటేవారు కారు.

1916లో ఆమె ముస్లిం మహిళల సంఘం అంజుమన్-ఎ-ఖవాతీన్-ఎ-ఇస్లాంను స్థాపించి, నిరుపేద స్త్రీలకు చేయూతనిచ్చారు. 1924లో ‘పద్మరాగ్’ నవల వెలువడింది. 1931 నాటి ‘అవరోధ్‌బాసినీ’ ఘోషా దురాగతాలను 47 ఉదంతాల్లో నమోదు చేసింది. పాఠశాల బండి కథ కూడా అందులోనిదే.

1932 డిసెంబరు 9న రోకేయా కలకత్తాలో కన్నుమూశారు. స్త్రీల హక్కులపై రాస్తున్న వ్యాసం అసంపూర్తిగా మిగిలిపోయింది. బంగ్లాదేశ్ ఏటా ఆ తేదీని రోకేయా దినంగా పాటిస్తోంది. ఎనిమిది మందితో మొదలైన ఆమె పాఠశాల నేటికీ కోల్‌కతాలో ప్రభుత్వ బాలికోన్నత పాఠశాలగా నడుస్తోంది. అవకాశమిస్తే ఆడపిల్ల ఏమి కాగలదన్న ఆమె ప్రశ్నకు, అక్కడ చదువుకుని వెళ్లిన తరాల విద్యార్థినులే సమాధానం.