రెబెక్కా గ్రాట్జుగారి జీవితము

ఆదివారమునాడు ఆరాధన ముగిసిన పిమ్మట చిన్నపిల్లలు చాపలమీద వరుసలు తీరి కూర్చుండి వచనములు వల్లించుట పూతలపట్టు ప్రాంతపువారికి క్రొత్త సంగతి కాదు. చిత్తూరు, మదనపల్లె సీమలయందు ఆర్కాటు మిషనువారు పని సాగించిన నాటినుండియు ఆదివారపు బడి మన క్రైస్తవ కుటుంబముల వాడుకలలో నొకటియై యున్నది. ఈ పద్ధతినే గైకొని, యూదుల బిడ్డలకు యూదమతమునే బోధించిన యొక స్త్రీ అమెరికాలో నుండెనని మన విద్యార్థులలో పెక్కుమంది యెరుగరు. ఆమెయే రెబెక్కా గ్రాట్జుగారు. ఆమె చరిత్రమును సంగ్రహముగా నిచ్చట వ్రాయుచున్నాము.

ఈమె 1781వ సంవత్సరము మార్చి 4వ తేదీని పెన్సిల్వేనియా రాష్ట్రమందలి లాంకాస్టరు పట్టణమున జన్మించెను. తండ్రి మైకేలు గ్రాట్జు గొప్ప వర్తకుడు. తల్లి పేరు మిరియము. వారి పండ్రెండుగురు సంతానములో నీమె యేడవది. వారు ఫిలడెల్ఫియా నగరమున నివసించుచు, అచ్చటి మిక్వే ఇశ్రాయేలు అను యూదుల సమాజమందిరమునకు చెందియుండిరి.

ధనవంతుల యింట పుట్టియు రెబెక్కాగారు భోగములకు లోబడలేదు. 1801లో, ఇరువదియేండ్ల ప్రాయమున, తల్లితోను మరికొందరు స్త్రీలతోను గూడి, దిక్కులేని స్త్రీలకును పిల్లలకును తోడ్పడు సంఘమొకటి నెలకొల్పుటలో పాల్గొనెను. 1815లో స్థాపితమైన అనాథ శరణాలయమునకు సుమారు నలువది సంవత్సరములు కార్యదర్శినిగా పనిచేసెను. ఈ రెంటియందును క్రైస్తవ స్త్రీలును యూద స్త్రీలును ఒక్క బల్లయొద్ద కూర్చుండి పనిచేసిరి. ఆమె వివాహమాడలేదు. 1823లో సోదరి రాచేలు మరణింపగా ఆ బిడ్డల నందరిని తన బిడ్డలవలె పెంచెను.

అనాథలకు అన్నవస్త్రములు సమకూర్చుచుండగా ఆమె మనస్సును మరియొక చింత బాధింపసాగెను. ఫిలడెల్ఫియాలోని బీద యూదుల పిల్లలకు తమ మతమును గూర్చి యేమియు తెలియదు. కలవారు ఇంటికి పంతులను పిలిపించుకొనగలరు. లేనివారి పిల్లలు ఎక్కడ చదివినను పుస్తకములును ప్రార్థనలును అన్యమతమువే. ఇట్లే కొంతకాలము జరిగినచో ఆ బిడ్డలు ఎవరి సంతానమో వారికే తెలియకుండ పోవునని యామె భయపడెను.

యూదులు పూర్వమునుండి విద్య నెంతగా గౌరవించిరో యిచ్చట చెప్పవలెను. మనము పళ్ళెములోని బియ్యముమీద బిడ్డ వ్రేలు పట్టి అక్షరాభ్యాసము చేయించునట్లే, మధ్యయుగములయందు ఐరోపాలోని యూదులు పలకమీది హెబ్రీ యక్షరములకు తేనె పూసి, బిడ్డచేత నాకించు ఆచారము కలదు. చదువు తీపియని బిడ్డకు మొదటి దినముననే తెలియవలెనని వారి యభిప్రాయము. పిమ్మట బాలుడు మోషే ధర్మశాస్త్రమును హెబ్రీ భాషలోనే చదువనారంభించును. అయితే ఈ చదువు ముఖ్యముగా మగపిల్లలకే. ఆడపిల్లలకు దొరకినది స్వల్పము. అమెరికాలో పుట్టిన బిడ్డలకో, హెబ్రీ భాషయే పరాయి భాష యయ్యెను.

రెబెక్కాగారు 1818లో తమ కుటుంబపు పిల్లలకొరకు ఇంటిలోనే యొక చిన్న తరగతిని నడిపి చూచెను. 1819లో యూద స్త్రీల ధర్మసంఘమును స్థాపించెను. తుదకు 1838వ సంవత్సరము మార్చి 4వ తేదీని, తన యేబదియేడవ జన్మదినముననే, హెబ్రీ ఆదివారపు బడిని తెరచెను. మొదట సుమారు అరువదిమంది పిల్లలు చేరిరి.

యూదుల విశ్రాంతిదినము శనివారము గదా, ఆదివారమున బడి యేల యని మన చిన్నవారు అడుగవచ్చును. శనివారము ఆరాధనకు చెందినది. ఆదివారమున నగరమంతయు పనులు మాని యుండుటచే పిల్లలకు తీరిక. ఈ బడిలో జీతము పుచ్చుకొనరు. బాలురును బాలికలును కలిసి చదువుదురు. బోధించువారందరు జీతము లేని స్త్రీలే. బోధన యింగ్లీషులో జరిగెను. సృష్టి మొదలుకొని పితరుల కథలు, ఐగుప్తునుండి విడుదల, పది యాజ్ఞలు, దేవుడొక్కడే యను విశ్వాసము, పస్కా మొదలగు పండుగల యర్థము పిల్లలు నేర్చుకొనిరి. రెబెక్కాగారే ముందు నిలిచి ప్రార్థన చెప్పగా పిల్లలు వెంబడి పలికెడివారు. సాంవత్సరిక పరీక్ష ముగిసిన దినమున ప్రతి బిడ్డకును నారింజపండును చిరుతిండియు దొరకెడివి.

అయితే బడి తెరచిన దినములలో యూదుల పిల్లలకు తగిన పాఠపుస్తకములు లేవు. అందుచే క్రైస్తవుల ఆదివారపు బడి పుస్తకములనే తెప్పించి, తమ విశ్వాసమునకు సరిపడని ప్రశ్నోత్తరములమీద కాగితపు ముక్కలు అంటించిరి. కప్పబడిన పంక్తులలో నేమున్నదోయని తొంగిచూడని బిడ్డ లేడట! క్రమముగా ఈ లోపము తీరెను. సమాజమందిరపు బోధకుడగు ఐజాకు లీసరుగారు 1839లో పిల్లల ప్రశ్నోత్తరి నచ్చువేయించెను. ఉపాధ్యాయినియగు సింహా పెయిక్సోటోగారును బైబిలు చరిత్రమును గూర్చి పాఠములు కూర్చెను. చార్లెస్టను పట్టణమున సాలీ లోపెజుగారు అదే సంవత్సరమున, అనగా 1838లో, ఇట్టి బడినే స్థాపించెను.

ఇది మిషను పాఠశాల పత్రిక యగుటచే ఒక మాట దాచక చెప్పవలెను. రెబెక్కాగారు క్రైస్తవుల పద్ధతిని మెచ్చి గ్రహించెను. క్రైస్తవుల బోధకు తమ పిల్లలు లోబడకుండుటకే దాని నుపయోగించెను. దీనిని గూర్చి మనము నొచ్చుకొననక్కరలేదు. తన బిడ్డలు తన దేవుని మరువరాదని కోరు తల్లి హృదయమును ఏ మతమువారైనను గ్రహింపగలరు. ఆమెకు ఇతరులయెడ ద్వేషము లేదు. 1819లో తమ్ముడు బెంజమిను క్రైస్తవ కన్యయగు మరియా గిస్టును పెండ్లాడినప్పుడు ఆమె మిక్కిలి దుఃఖించెను. కాని కాలక్రమమున ఆ మరదలే ఆమెకు ప్రాణస్నేహితురాలయ్యెను. దూరమున కెంటకీ రాష్ట్రమందున్న యామెకు రెబెక్కాగారు ఎన్నో యేండ్లు ప్రేమతో జాబులు వ్రాసెను. తన విశ్వాసమునందు స్థిరముగా నిలిచినవారు పొరుగువారి విశ్వాసమును చూచి బెదరరు.

1855లో, డెబ్బదినాలుగేండ్ల వయస్సున, దిక్కులేని యూద బిడ్డల పోషణకై యొక గృహమును స్థాపింపజేసెను. ఆదివారపు బడి యధ్యక్షత్వమును 1864వరకు వహించెను. 1869వ సంవత్సరము ఆగష్టు 27వ తేదీని ఎనుబదియెనిమిదవ యేట పరమపదించెను.

ఈ చరిత్రము మనకు మిక్కిలి దూరపుది కాదు. ఆ పెన్సిల్వేనియానుండియే 1842లో హయ్యరు దొరగారు గుంటూరు చేరి లూథరను మిషనును స్థాపించిరి. ఆ గుంటూరు సీమలోనే చేబ్రోలు చేరువనున్న కొత్తరెడ్డిపాలెమున, తమ్ము బెనె ఎఫ్రాయిమువారమని చెప్పుకొను తెలుగు కుటుంబములు 1991లో సమాజమందిరమును నెలకొల్పి, తమ పిల్లలకు హెబ్రీ యక్షరములు నేర్పుటకు పూనుకొనిరి. ఏ దేశమందైనను పెద్దల భయమొక్కటే, ఆశ యొక్కటే.

మన తరగతులలో హిందువులు, మహమ్మదీయులు, క్రైస్తవులు ఒకే బల్లమీద కూర్చుండి చదువుచున్నారు. ప్రియ విద్యార్థులారా, పొరుగువానియందు మంచిని చూచిన సిగ్గుపడక నేర్చుకొనుడు. నేర్చినదానిని మీ యింటివారి మేలుకొరకు వినియోగింపుడు. పుస్తకములు లేవని, జీతము లేదని, వయస్సు మీరినదని రెబెక్కాగారు వెనుదీయలేదు. మనకును ఆ ధైర్యము కలుగుగాక.