శాంతి కోసం ప్రాణమిచ్చిన ఝాన్ జోరెస్

ఫ్రాన్సు దేశంలో దక్షిణాన కాస్త్ర్ అనే పట్టణం ఉంది. 1859 సెప్టెంబరు 3న ఝాన్ జోరెస్ అక్కడే పుట్టారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బందే. కాని కుర్రవాడి తెలివి చూసిన ఒక బళ్ళ తనిఖీ అధికారి ఆయన్ని పారిస్‌లో చదివించే ఏర్పాటు చేశాడు. 1878లో పేరుమోసిన ఎకోల్ నార్మాల్ కళాశాల ప్రవేశ పరీక్షలో ఆయన అందరికంటే ముందు నిలిచారు. తర్వాత ఆల్బీలో తత్వశాస్త్రం పంతులుగా, తులూజ్‌లో అధ్యాపకుడిగా పనిచేశారు. మా పంతుళ్ళ జాతివాడు కనుక నాకు ఆయన మీద అభిమానం కాస్త ఎక్కువే అనుకోండి.

1885లో పార్లమెంటుకు వెళ్ళారు. 1889లో ఓడిపోయారు. కార్మో గని కార్మికుల సమ్మెకు అండగా నిలిచి, వాళ్ళ బలంతోనే 1893లో మళ్ళీ గెలిచారు.

అవి బాంబుల రోజులు. 1893 డిసెంబరు 9న వయాఁ అనే అతను పార్లమెంటు సభలోనే మేకులు నింపిన బాంబు విసిరాడు. చాలామంది గాయపడ్డారు. మరుసటి జూన్‌లో దేశాధ్యక్షుడు కార్నోను లియోఁ నగరంలో కత్తితో పొడిచి చంపారు. ఇంకేముంది, సర్కారు ఒకదాని వెనక ఒకటి గట్టి చట్టాలు తెచ్చింది. బాంబు వేసినవాడినే కాదు, రాసినవాడినీ మాట్లాడినవాడినీ కూడా పట్టుకోవచ్చు. జోరెస్ హంతకులను ఎన్నడూ వెనకేసుకు రాలేదు. అయినా ఆ చట్టాలను సభలో ఎదిరించారు. పనామా కాలువ కుంభకోణంలో లంచాలు మేసిన పెద్దమనుషుల వల్ల కూడా జనంలో కసి పుడుతోంది గదా, వాళ్ళనూ అదే చట్టం కింద విచారించండి అని సవరణ పెట్టారు. సవరణ ఓడిపోయింది.

యూదుడైన దొరగారు డ్రేఫస్ అనే సైనిక కెప్టెన్‌కు దేశద్రోహి అని 1894లో శిక్ష పడితే, మొదట జోరెస్ కూడా ఆ శిక్ష చాలదన్నవాళ్ళలో ఒకరు. తర్వాత కాగితాలు పరిశీలించి, సైన్యంలోని పెద్దలే దొంగపత్రాలు పుట్టించారని 1898లో పుస్తకమే రాశారు. తన మాటను తానే దిద్దుకోవడం రాజకీయాల్లో మాటలు కాదు. 1904లో లుమానితే అనే దినపత్రిక స్థాపించారు.

మొరాకో సంగతి మన పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. కాసాబ్లాంకాలో రేవు పనుల కోసం ముస్లింల ఖబరస్తాన్ మీదుగా రైలు పట్టాలు వేశారు. 1907 జూలైలో అక్కడి జనం తిరగబడి తొమ్మిదిమంది యూరోపు పనివాళ్ళను చంపారు. దానికి జవాబుగా ఫ్రెంచి యుద్ధనౌకలు ఊరి మీద ఫిరంగి గుళ్ళు కురిపించాయి. సైన్యం దిగింది. చివరకు 1912లో మొరాకో ఫ్రాన్సు గుప్పిట్లోకి పోయింది. జోరెస్ ఏళ్ళ తరబడి దీన్ని ఖండించారు. మొరాకోవాళ్ళు అడవి మనుషులు కారు, వాళ్ళకు పురాతనమైన గొప్ప నాగరికత ఉందని తమ దేశపు సభలోనే నిలబడి వాదించారు. ఆయన్ని అమ్ముడుపోయినవాడన్నారు, జర్మనీ మనిషన్నారు.

అట్లాగని దేశరక్షణ వద్దన్న మనిషి కాదాయన. జనమంతా కొద్దికాలం శిక్షణ పొంది అవసరమైతే దేశాన్ని కాపాడే ప్రజాసైన్యం కావాలని పెద్ద గ్రంథమే రాశారు. కాని 1913లో సర్కారు నిర్బంధ సైనిక సేవను రెండేళ్ళ నుంచి మూడేళ్ళకు పెంచబోతే, పారిస్ పొలిమేరల్లో లక్షమందికి పైగా జనం ముందు నిలబడి కాదన్నారు. చట్టం ఆగలేదు.

1914 జూన్ 28న సారాయెవోలో ఆస్ట్రియా యువరాజును, ఆయన భార్యను కాల్చి చంపారు. యూరపంతా పగతో ఊగిపోయింది. జూలై 25న లియోఁ నగరంలోని వేజ్‌లో జోరెస్ మాట్లాడుతూ ఆస్ట్రియా మొరటుతనాన్నీ, రష్యా కుట్రలనూ తప్పుబట్టి, మొరాకోలో మన ఫ్రాన్సు చేసిన పనికి కూడా ఈ నిప్పులో పాలుందని చెప్పేశారు. నాలుగు రోజులకు బ్రస్సెల్స్ వెళ్ళి జర్మనీ సోషలిస్టులతో ఒకే వేదిక మీద నిలిచారు.

జూలై 31 రాత్రి. పత్రికాఫీసు దగ్గర క్రువాసాఁ హోటల్లో, తెరిచిన కిటికీకి వీపు పెట్టి భోజనం చేస్తున్నారు. విల్లాఁ అనే జాతీయవాద యువకుడు వీధిలోంచే పిస్తోలుతో కాల్చాడు. మరునాడే సైన్య సమీకరణ ఉత్తర్వు వచ్చింది. ఆయన కొడుకు లూయీ ఆ యుద్ధంలోనే, 1918 జూన్‌లో చనిపోయాడు. ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు.

హంతకుణ్ణి యుద్ధం ముగిసేదాకా జైల్లో ఉంచి 1919 మార్చిలో విచారించారు. జూరీ నిర్దోషి అని వదిలేసింది. పైగా కోర్టు ఖర్చులు జోరెస్ భార్య మీద పడ్డాయి. భర్తా పోయాడు, కొడుకూ పోయాడు, ఇదీ ఆ తల్లికి దక్కిన ఇన్సాఫ్.

1924 నవంబరులో ప్రభుత్వం ఆయన అస్థికలను మహనీయుల సమాధి మందిరమైన పాంథియోన్‌కు చేర్చింది. ఆ ఊరేగింపులో శవవాహనాన్ని నడిపించింది కార్మో గని కార్మికులు.